పాఠశాల కింద ఎర్రగీత

ఆ రోజుల్లో మా ఇంట్లో "నోరు మూసుకుని కూర్చో" అనేది ఒక తిట్టు. అది ఒక ఉద్యోగం కూడా కావచ్చునని, దానికి నెలనెలా జీతం ఇచ్చేవాళ్ళు హైదరాబాదులో ఉంటారని మాలో ఎవరికీ తెలియదు. సెల్‌ఫోన్ మోగితే ముందు అది మిస్డ్ కాలేమోనని కాసేపు ఆగి చూసి, ఆ తర్వాతే ఎత్తే కాలం అది. నేను ఎంసీఏ పాసై, ఖమ్మం నుంచి హైదరాబాదు వెళ్ళి, హాస్టల్లో నలుగురితో ఒక గది, ఒక బకెట్ పంచుకుంటూ, ఎక్కిన మెట్లన్నీ దిగి, చివరికి ఒక చిన్న కంపెనీలో కుదురుకున్నాను. ఇంట్లో నా పేరు రేడియో. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మోగుతూనే ఉంటానని మా బాబాయ్ పెట్టిన పేరు. (చర్చిలో పాస్టరుగారు ప్రార్థనకు కళ్ళు మూసుకోమన్నప్పుడు, మా అమ్మ నావైపు వంగి "నోరు గూడ" అనేది.) అలాంటి నన్ను ఏరికోరి మాట్లాడకుండా కూర్చునే పనిలో పెట్టుకున్నారు.

ఆ పనేమిటో చెప్పాలి. కంప్యూటర్ స్విచ్ వేయగానే తెర మీద బొమ్మలు, బొత్తాలు, ఫైళ్ళు దాచుకునే అరలు కనిపిస్తాయి కదా, వాటన్నిటినీ వెనక ఉండి నడిపించేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఎక్కడో విదేశంలో ఒక పెద్ద కంపెనీ అలాంటిది ఒకటి కొత్తగా తయారు చేస్తోంది. అది బజారుకు రావడానికి ఇంకా చాలా కాలం ఉంది. ఈలోగా సగం ఉడికిన రూపాన్ని మాలాంటి చిన్న కంపెనీలకు పంపి, మామూలు జనం చేత వాడించి చూడమన్నారు. దాన్ని ప్రివ్యూ అనేవాళ్ళం. అందులో మాటలన్నీ తెలుగులో ఉంటాయి. తెలుగంటే మనం మాట్లాడే తెలుగని పొరబడకండి. కంప్యూటర్ ఆపేద్దామని బొత్తం నొక్కితే "మీరు నిశ్చయముగా నిష్క్రమించదలచితిరా?" అని అడిగే తెలుగు. మొదటిసారి అది చదివినప్పుడు నేను కుర్చీలోంచి సగం లేచాను, ఎవరో పెద్దమనిషి వచ్చాడేమోనని.

మా సార్ నెమ్మదస్తుడు. ఆఫీసులో ఆయన్ని మౌనస్వామి అనుకునేవాళ్ళం. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. "చూడమ్మా, కంప్యూటర్ ఎప్పుడూ ముట్టుకోని మనిషిని దీని ముందు కూర్చోబెడతాం. మీరు పక్కన కూర్చుంటారు. వాళ్ళు తడబడతారు, తప్పు బొత్తం నొక్కుతారు, విసుక్కుంటారు. మీరు సాయం చేయకూడదు. ఒప్పు అనొద్దు, తప్పు అనొద్దు, తల ఊపొద్దు, నవ్వొద్దు. ఏదైనా అడిగితే 'మీకేమనిపిస్తుంది?' అని తిరిగి అడగండి. మీరు సాయం చేశారంటే, ఎక్కడ ఇబ్బంది ఉందో ఆ కంపెనీకి ఎప్పటికీ తెలియదు." ప్రతి పరీక్షనూ హ్యాండీక్యామ్‌తో రికార్డు చేయాలి. మధ్యలో నా గొంతు వినిపించి సాయం చేసినట్టు తేలితే ఆ టేపు చెల్లదు. టేపులు చెల్లకపోతే నా ఉద్యోగం పర్మనెంటు కాదు. ఈ చివరి మాట ఆయన అనలేదు, ఆయన కళ్ళద్దాలు అన్నాయి.

చిక్కేమిటంటే, తెలుగు చక్కగా చదవగలిగి కంప్యూటర్ ముట్టుకోని మనుషులు ఆయనకు హైదరాబాదులో దొరకడం లేదు. నలుగురిలో నేను నోరు తెరిచాను. "మావైపు బోలెడుమంది ఉన్నారు సార్" అన్నాను. మరుసటి వారం, నాపరాయికెంత బరువు ఉంటుందో అంత బరువున్న ల్యాప్‌టాప్‌తో, హ్యాండీక్యామ్‌తో, దాని మూడుకాళ్ళ స్టాండుతో ఖమ్మం బస్టాండులో దిగాను.

మొదట దొరికింది బాబాయ్. ఆయన మిర్చి యార్డులో దడవాయి, అంటే బస్తాలు కాంటా వేసే మనిషి. యార్డు నుంచి అటే వచ్చాడు, ఒంటి మీద మిర్చి ఘాటుతో సహా. ఆయన కుర్చీలో కూర్చోగానే నేను తుమ్మాను, అమ్మ తుమ్మింది, తర్వాత ఆయనే తుమ్మాడు. (ఆ టేపు మొదటి భాగమంతా తుమ్ములే. సార్ దాన్ని చూస్తూ తను కూడా ఒకసారి ముక్కు తుడుచుకున్నారు.) బాబాయ్ చేతులు కట్టుకుని తెర వంక మర్యాదగా చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

"ఇదేమన్న అంటదా బిడ్డా, నేనే అనాల్నా?" అన్నాడు చివరికి.

"మీకేమనిపిస్తుంది?" అన్నాను, నేర్పిన గొంతుతో.

"నాకేమనిపిస్తది. పట్నం పొయ్యి నీకు మాటలు తక్కువైనయ్ అనిపిస్తది." లోపలికి తిరిగి, "వదినా, పిల్లకు పానం మంచిగనే ఉన్నదా?" అని కేకేశాడు. తర్వాత తెర మూలన ఉన్న బొమ్మను వేలితో చూపించాడు. "ఇది చెత్తబుట్ట గదా. కొత్తదాంట్ల అప్పుడే చెత్తబుట్ట పెట్టిండ్రు. అంటే చెత్త వస్తదని వాళ్ళకు ముందే ఎరుకన్నట్టు." ఆ మాటతో తన పని పూర్తయిందని లేచి, మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఒక్క బొత్తం కూడా నొక్కలేదు.

ఇక మిగిలింది పెద్దమ్మ. మా అమ్మకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. సర్వీసంతా భద్రాచలం ఏజెన్సీ ఊళ్ళలోని ప్రైమరీ బడుల్లో చేసి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. రిటైరయ్యాక ఖమ్మం వచ్చేయమని మా అమ్మ ఎంత పోరినా రాలేదు. "ఖమ్మంల నన్ను పలకరించేటోళ్ళున్నరు, ఇక్కడ నాతోని మాట్లాడేటోళ్ళున్నరు" అని దుమ్ముగూడెం దారిలో ఒక పల్లెలో రెండు గదుల ఇల్లు వేసుకుని ఉండిపోయింది. అక్కడి కోయ పిల్లలతో వాళ్ళ భాషలోనే మాట్లాడుతూ తెలుగు నేర్పడం ఆమెకు బాగా వచ్చు. ఎర్రపెన్ను లేకుండా ఆమె ఏ కాగితాన్నీ చదవగా నేను చూడలేదు. ఎవరైనా శుభలేఖ ఇస్తే, అందులో తప్పులు దిద్ది, కింద ఆశీస్సులు రాసి, వాళ్ళకే తిరిగి ఇచ్చేది. మా చర్చి పాటల కరపత్రాన్ని దిద్దినందుకు పాస్టరుగారు ఆమెకు థాంక్స్ చెప్పారు గాని, ఆ తర్వాత ఆమె ముందు కరపత్రాలు పంచడం మానేశారు. వేసవి సెలవుల్లో నేను ఆమె దగ్గర గడిపిన రోజులన్నీ నా చెవికి ఇప్పటికీ గుర్తే.

బస్సు పాల్వంచ దాటి అడవిలో పడ్డాక, పక్క సీటులో తునికాకు కట్టలతో కూర్చున్న ఒకామె నా ఒళ్ళోని సంచీ తట్టి "కుట్టుమిషనా?" అని అడిగింది. కాదు, కంప్యూటర్ అన్నాను. ఆమె జాలిగా చూసి, "కుట్టుమిషనైతే బాగుండు" అంది. భద్రాచలంలో గోదావరి వంతెన దాటేటప్పుడు అందరితోపాటు నేనూ కిటికీలోంచి రూపాయి బిళ్ళ విసిరాను. మా ఇంట్లో అలాంటివి చేయరు. ఉద్యోగం విషయం కదా, ఎవరు వింటే ఏం పోయిందనుకున్నాను.

పొద్దున్నే పరీక్ష పెట్టుకున్నాం. పెద్దమ్మ తలంటుకుని, ఇన్‌స్పెక్షన్ రోజుల్లో కట్టుకునే గంజిపెట్టిన తెల్ల చీర కట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంది. హ్యాండీక్యామ్ వెలిగించి, మొదట చదివి వినిపించాల్సిన మాటలు చదివాను. "మేము పరీక్షిస్తున్నది మిమ్మల్ని కాదు, ఈ కంప్యూటర్‌ని. మీకు తోచినది తోచినట్టు పైకి చెప్పండి."

"నేనెప్పటి నుంచి నీకు 'మీరు' అయిన?" అంది పెద్దమ్మ.

నేను మాట్లాడలేదు.

"సరే తియ్. దానికి పరీక్షయితే మరి దాన్ని చూడు. నా మొకమెందుకు చూస్తున్నవ్?"

నేను చూపు తెర మీదికి తిప్పుకున్నాను. ఆమె నిట్టూర్చి పనిలోకి దిగింది. చేయాల్సింది పెద్దదేమీ కాదు. రాసే కాగితం లాంటిది ఒకటి తెర మీద తెరిచి, తనకిష్టమైన ఒక వాక్యం రాసి, దాన్ని దాచిపెట్టి, కంప్యూటర్ ఆపేయాలి. మీటల మీద తెలుగు అక్షరాల చీటీలు అంటించి ఉన్నాయి, ఒక్కో మీటకు కింద ఒకటి, పైన ఒకటి. పై అక్షరం పడాలంటే పక్కనున్న మరో మీటను కూడా కలిపి నొక్కాలి. అది ఆమెకు ఆమే కనిపెట్టాలి. కాగితం బొమ్మ ఏదో ఆమె చాలా త్వరగానే పోల్చుకుంది. చూపుడువేలు చాచి, అక్షరం వెతుక్కుంటూ, మొదటి మాట కొట్టింది.

తెర మీద "పాటశాల" అని పడింది. పడీ పడగానే దాని కింద వంకర టింకరగా ఒక ఎర్రగీత వచ్చింది.

ఆ గీత సంగతి మీకు చెప్పాలి. ఆ ప్రివ్యూలో అక్షరదోషాలు పట్టే ఏర్పాటు ఒకటుంది. దానికి తెలిసిన భాష ఇంగ్లీషు ఒక్కటే. తెలుగు మాటలు తర్వాత నేర్పుతామన్నారు. అందాకా దాన్ని ఆపి ఉంచాలని ఎవరికీ తోచలేదు. కాబట్టి తెలుగులో ఏం రాసినా దాని లెక్కలో తప్పే, ప్రతి మాట కిందా ఎర్రగీతే. ఆఫీసులో మేం ఆ గీతలకు ఎంత అలవాటు పడిపోయామంటే, అవి మాకు కనిపించడమే మానేశాయి. బాబాయ్ ఏమీ రాయలేదు గనక అక్కడా గుర్తు రాలేదు. పెద్దమ్మ కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగినప్పుడే, నాకు ఆ గీత మళ్ళీ కనిపించింది.

"పాటశాల అని పడ్డది" అంది. "పాటలు పాడుకునే శాల. తప్పే. గీత గీసుడు న్యాయమే." ఆమె గొంతులో మెప్పు వినిపించింది. "దీనికి తెలివి ఉన్నదే బిడ్డా."

అక్కడే పడింది అసలు చిక్కు. మొదటి గీత న్యాయంగా పడడంతో ఆమెకు ఆ యంత్రం మీద గురి కుదిరింది. మీటలన్నీ తడిమి, రెండు కలిపి నొక్కితే పై అక్షరం పడుతుందని కనిపెట్టి, "ట" చెరిపి "ఠ" పెట్టింది. ఇప్పుడు తెర మీద "పాఠశాల" అని అచ్చు గుద్దినట్టు ఉంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని గీత పోవడం కోసం ఎదురుచూసింది. గీత పోలేదు.

"ఆలస్యమైతదా?" అంది.

"మీకేమనిపిస్తుంది?"

"ఒప్పే అనిపిస్తది. మరి ఇది పోతలేదు." మళ్ళీ వంగి చూసింది. "తప్పా?"

నేను గోడ మీది క్యాలెండరు వంక చూశాను. మా పెద్దమ్మ తప్పు మాటను అలా వదిలి రెండో మాటకు పోయే మనిషి కాదు. చెరిపి "పాఠసాల" అని కొట్టింది. గీత. "పాఠషాల" అని కొట్టింది. గీత. ఆ మాటను ఎన్ని రకాలుగా తప్పు రాయవచ్చో అన్ని రకాలుగానూ రాసింది, బహుశా జీవితంలో మొదటిసారి. కొట్టిన ప్రతిసారీ నా మొహంలోకి చూసేది. నా మొహంలో ఏమీ ఉండకూడదు కాబట్టి నేను పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. మొదట్లో నాకు నవ్వొచ్చింది, దాన్ని ఆపుకోవడానికి బుగ్గ కొరుక్కున్నాను. కాసేపటికి నవ్వు ఎటు పోయిందో పోయింది, బుగ్గ మాత్రం కొరుక్కుంటూనే ఉన్నాను.

ఆమె లేచి వెళ్ళి గోడకున్న చిన్న నల్లబల్ల ముందు నిలబడింది. సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకు చదువు చెప్పే బల్ల అది. సుద్దముక్క తీసుకుని, తన గుండ్రటి అక్షరాలతో "పాఠశాల" అని రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. "చేతికి గుర్తున్నది. కంటికి గుర్తున్నది. దీనికెందుకు పడుతలేదు?" అని తనలో తను అనుకుంది. తర్వాత కిటికీ దగ్గరకు వెళ్ళి కోయలో ఎవరినో పిలిచింది.

వచ్చినామె పక్కింటి అంగన్‌వాడీ టీచరు. ఒకప్పుడు పెద్దమ్మ దగ్గర చదువుకున్న కోయ పిల్ల, ఇప్పుడు తనే పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కెమెరాను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"లోపలికి రా. పాఠశాల రాయి" అంది పెద్దమ్మ, సుద్దముక్క ఇచ్చి.

"ఎందుకు టీచరమ్మా?"

"రాయమన్న గదా."

ఆమె బల్ల మీద, పెద్దమ్మ రాసినదాని కిందే రాసింది. రెండు మాటలూ ఒక చేతివే అన్నట్టున్నాయి. "ఠ"లో చుక్క పెట్టే తీరు కూడా అదే.

"ఒప్పేనా?" అంది పెద్దమ్మ.

"నాకేం తెలుసు టీచరమ్మా. మీరు నేర్పినట్టే రాసిన."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. పెద్దమ్మ మాత్రం వచ్చి కుర్చీలో మెల్లగా కూర్చుంది. ఒకసారి తెర వంక, ఒకసారి బల్ల వంక చూసింది. "గంతే మరి" అంది. "నేను తప్పు నేర్పితే నువ్వు తప్పు నేర్చినవ్. నువ్వు నేర్పే పిల్లలకు గూడ గదే. బడి మీద పేరు రాసిచ్చింది గూడ నేనే." కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడిచింది. వాటి మీద దుమ్మేమీ లేదు. "వయసు మీద పడ్డది. ఎప్పటి నుంచి మర్చిపోయిన్నో ఏమో, చెప్పేటోళ్ళు లేకపాయె."

నాకు అప్పుడు సార్ గుర్తు రాలేదు, టేపు గుర్తు రాలేదు. చిన్నప్పుడు నా పలక మీద ఎన్నో తప్పులు దిద్దిన చెయ్యి, ఆ చీర చెంగును నలుపుతూ ఉండడమే కనిపించింది.

"పెద్దమ్మా, నువ్వు రాసింది ఒప్పు" అన్నాను.

ఆమె తలెత్తింది. "మల్ల చెప్పు."

"ఒప్పే. దానికి తెలుగు రాదు. ఏం రాసినా గీత గీస్తది."

"ఏం రాసినా?"

నేను ముందుకు వంగి "అమ్మ" అని కొట్టాను. ఎర్రగీత వచ్చింది. అంగన్‌వాడీ టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. తెర మీద ఆ గీతను వేలితో తాకింది.

"తెలుగు రాని దాని చేతికి ఎర్రపెన్ను ఎవరిచ్చిండ్రే?" అంది.

దానికి జవాబు ఆ విదేశీ కంపెనీలో ఎవరి దగ్గరైనా ఉందేమో నాకు ఇప్పటికీ తెలియదు.

"నీకు ముందుగాలనే ఎరుకనా?"

"అవ్."

"ఎరుకుండి కూసున్నవ్."

"మాట్లాడొద్దు పెద్దమ్మా. మాట్లాడితే టేపు చెల్లదు. టేపు చెల్లకుంటే ఉద్యోగం..." అని ఆగిపోయాను. పైకి అనేసరికి అది ఎంత చిన్నగా వినిపించిందో నాకే తెలిసింది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. అంగన్‌వాడీ టీచరు నా వంక "అయిపోయింది నీ పని" అన్నట్టు చూసి, పిల్లలున్నారంటూ జారుకుంది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నేను బ్యాగు సర్దుకోవాలా వద్దా అని ఆలోచిస్తూ, సర్దుకుంటున్నట్టు కనిపించకుండా సర్దడం మొదలుపెట్టాను.

పెద్దమ్మ రెండు గ్లాసుల మజ్జిగతో వచ్చింది. ఒకటి నాకిచ్చి, రెండోది తను తాగి, మూతి తుడుచుకుని కుర్చీని ముందుకు లాక్కుంది.

"మల్ల మొదలువెట్టు" అంది.

"వద్దులే పెద్దమ్మా. ఇంక లెక్కకు రాదు."

"నీ లెక్కకు కాదు. పేపరు సగంల ఇడిచిపెట్టి లేచే అలవాటు నాకు లేదు. నువ్వు నీ నోరు మూసుకో, నా పని నన్ను చేసుకోనీ."

హ్యాండీక్యామ్‌లో కొత్త టేపు పెట్టాను. ఈసారి ఆమె నా మొహం వంక చూడనేలేదు. "పాఠశాల" అని కొట్టింది. గీత వచ్చింది. "గీసుకోనీ, దాని సుద్దులు దానివి" అని రెండో మాటకు వెళ్ళింది. ఒత్తు ఎలా పెట్టాలో కనిపెట్టడానికి చాలాసేపు పట్టింది. నా చేతులు వాటంతట అవే ముందుకు పోతుంటే వాటి మీద నేనే కూర్చున్నాను. "పాఠశాల మూసినా పిల్లలు వస్తున్నారు" అని రాసింది. సాయంత్రాలు తనింటికి చదువుకోవడానికి వచ్చే పిల్లల సంగతది. నాలుగు మాటలకూ నాలుగు ఎర్రగీతలు పడ్డాయి. రాసిందాన్ని ఎవరూ చెప్పకుండా దాచిపెట్టింది. ఇక కంప్యూటర్ ఆపేయాలి. బొత్తం నొక్కింది. "మీరు నిశ్చయముగా నిష్క్రమించదలచితిరా?" అని వచ్చింది. పైకి చదివి, "నా ఇంట్ల కూసొని నన్నే పొమ్మంటదేంది?" అంది. నేను నవ్వాను. తల అటు తిప్పుకుని నవ్వాను, కాని ఆ టేపులో వినిపిస్తుంది.

చివర్లో ఒక ప్రశ్న అడగాలి. "దీన్ని వాడమని మీకు తెలిసినవాళ్ళకు చెబుతారా?"

పెద్దమ్మ ఈ ప్రశ్నను చాలా శ్రద్ధగా తీసుకుంది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, తల్లిదండ్రుల మీటింగులో మాట్లాడే గొంతుతో చెప్పింది. "ఫెయిల్ అననుగాని. తెలివి తక్కువదేం కాదు, దుడుకెక్కువ. రానిదాంట్ల గూడ తలదూరుస్తది. ఇంకో ఏడు అదే క్లాసుల కూసోవెట్టుమను. అక్షరాలొచ్చినంక పై క్లాసుకు పంపుదాం."

ఆ మధ్యాహ్నం వెదురుకొమ్ముల కూరతో అన్నం పెట్టి, బస్సెక్కించేటప్పుడు, "మీ సారు అడిగితే నేనే మాట్లాడిచ్చిన అని చెప్పు" అంది. అంటే ఆమెకు నా భయం అర్థమయ్యే ఉంది. మజ్జిగ కలుపుతున్నంతసేపూ దాని గురించే ఆలోచించి ఉంటుంది.

హైదరాబాదులో సార్ పెద్దమ్మ టేపులు రెండూ మొదటి నుంచి చివరిదాకా చూశారు. నేను వెనక నిలబడ్డాను. పెద్దమ్మ కళ్ళద్దాలు తుడుచుకునే చోట ఆయన టేపు ఆపి, వెనక్కి తిప్పి, ఇంకోసారి చూశారు. "మొదటిది చెల్లదమ్మా, మీరు చెప్పేశారు" అన్నారు. "రెండోదీ చెల్లదు, ఆవిడకు అప్పటికే తెలుసు." నేను సరేనన్నాను. నన్ను పర్మనెంటు చేయడం ఇంకొంతకాలం వాయిదా పడిందని తర్వాత తెలిసింది. వెళ్ళబోతుంటే ఆయన తిరిగి చూడకుండానే, "ఇంకాస్త ముందే చెప్పాల్సింది" అన్నారు. ఆయన నాకు చెప్పిన నియమాలన్నిటిలో ఆ ఒక్కటి మాత్రం ఎక్కడా రాసి లేదు.

చెల్లని ఆ మొదటి టేపును ఆయన పారేయలేదు. ఎర్రపెన్ను మాట దగ్గర కత్తిరించి, కింద ఇంగ్లీషులో తర్జుమా రాసి, విదేశంలో ఉన్న ఆ కంపెనీకి పంపారు. "గమనించాము" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రివ్యూలో తెలుగు మాటల కింద గీతలు లేవు. అందులో మా పెద్దమ్మ వాటా ఎంతో, వేరే దేశాల్లో వేరే భాషల పెద్దమ్మల వాటా ఎంతో నాకు తెలియదు. అంతలో, అనుకున్న ఏడాదికి ఆ సిస్టమ్ తయారు కావడం లేదని, విడుదల మరుసటి ఏడాదికి వాయిదా వేశారని వార్త వచ్చింది. ఆఫీసులో అందరూ తలలు పట్టుకున్నారు. నేను మాత్రం ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"మంచి పని చేసిండ్రు" అంది, తన సలహా పాటించడంలో వింతేమీ లేనట్టు. "అక్షరాలు రానోణ్ని పై క్లాసుకు తోలితే వానికే కష్టం. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా?"

చివరికి అది విడుదలయ్యాక, పరీక్షల్లో పాల్గొన్నవాళ్ళందరికీ కృతజ్ఞతగా ఆ కంపెనీ తలా ఒక టీషర్టు పంపింది. నీలం రంగు, గుండెల మీద ఆ సిస్టమ్ పేరు, దాని కింద 'రేపటిని ఈరోజే తెరవండి' అని అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క. అందరికీ ఒకటే సైజు, ఇద్దరు మనుషులు పట్టేంత. పెద్దమ్మ దాన్ని చీర మీద పట్టి చూసుకుని, మడతపెట్టి, అంగన్‌వాడీ టీచరు భర్తకు ఇచ్చేసింది. నాకూ ఒకటి వచ్చింది. నేను దాన్ని వేసుకుని స్టూడియోకు వెళ్ళి ఫోటో దిగాను. ఆ పేరు ఇంకో వందేళ్ళు ఉంటుందని, నా మనవలకు ఆ ఫోటో చూపిస్తానని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

ఆ మధ్య వానాకాలంలో పెద్దమ్మను చూడ్డానికి వెళ్ళాను. ఆమె ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది గాని గొంతులో మార్పు లేదు. పొలాల మీదుగా వస్తుంటే నాట్లు సాగుతున్నాయి. నడుముదాకా బురదతో గట్టు చెక్కుతున్న మనిషి లేచి నిలబడి చెయ్యి ఊపాడు. అంగన్‌వాడీ టీచరు భర్త. ఒంటి మీద ఆ నీలం చొక్కా. రంగు వెలిసి బూడిదగా మారింది, పేరులో అక్షరాలు కొన్ని రాలిపోయి ఎవరో కొత్త మనిషి పేరులా ఉంది. ఆ సిస్టమ్‌ను వాళ్ళ కంపెనీయే ఎప్పుడో మూలన పడేసింది. ఇప్పటి పిల్లలకు దాని పేరు చెబితే మందు బిళ్ళేమో అనుకుంటారు.

"ఇంకా దీన్ని వదల్లేదా అన్నా?" అన్నాను.

అతను చొక్కా వంక చూసుకున్నాడు. "బట్ట మంచిది అక్కా" అన్నాడు. "ఇప్పటిదాక ఏం కాలే."

స్టూడియోలో లైట్ల ముందు, ఆ పేరు కనిపించాలని ఛాతీ విరుచుకుని నిలబడిన ఇరవై అయిదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. ఆ ఫోటో ఎక్కడ పెట్టానో కూడా ఇప్పుడు తెలియదు. నేను గట్టు మీద కూర్చుని, చెప్పులు పక్కన పెట్టి, కాళ్ళు నీళ్ళలో ఉంచాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ పిల్ల పక్కన ఉంటే బాగుండేదనిపించింది, ఏమీ చెప్పడానికి కాదు, ఊరికే కాసేపు కూర్చోబెట్టుకోవడానికి.